కొలవని గడప

"టేబుల్ అంటే ఏమిటమ్మా?" అని కామేశం మాస్టారు హైమావతిని లేపి అడిగారు.

ఆవిడ డేటా అనలిస్టుగా ఇరవై ఆరేళ్ళ సర్వీసున్న మనిషి. కొత్తరేవు నగరంలో ఏ వీధిలో ఎన్ని కొళాయిలు కారుతున్నాయో, ఏ బడిలో ఎంతమంది పిల్లలకి దగ్గు పట్టుకుందో ఆవిడనడిగి తెలుసుకున్న అధికారులు కోకొల్లలు. అలాంటి మనిషి తోటి ఉద్యోగులందరి ముందూ లేచి నిలబడి, కొంగు కొసని వేలికి చుట్టుకుంటూ, చిన్న క్లాసు పిల్లలా దిక్కులు చూసింది.

మాస్టారు కోప్పడలేదు. డెబ్భై నాలుగేళ్ళ ఆ పెద్దాయన ఒకప్పుడు డేటాబేసులు చేత్తో కట్టినవాడు. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద గళ్ళు గీశారు. ఒక్కో మనిషికో, ఒక్కో ఇంటికో ఒక్కో అడ్డవరస, అది రో. ఆ ఇంటి గురించి మనకి కావలసిన ఒక్కో సంగతికీ ఒక్కో నిలువుగడి, అది కాలమ్. ఇంతే టేబుల్. ఏ రో ఎవరిదో తేల్చి చెప్పే కాలమ్ ఒకటి ఉంటుంది, అది ప్రైమరీ కీ. అది ఇద్దరికి ఒకటే ఉండకూడదు, ఎవరికీ ఖాళీగా ఉండకూడదు. ఇదంతా చెప్పి, "మీరంతా దీనిమీదే బతుకుతున్నారు. దీన్ని కళ్ళతో చూసి ఎన్నాళ్ళయింది?" అని అడిగారు. అందరికీ పద్దెనిమిదేళ్ళయింది.

పద్దెనిమిదేళ్ళ కిందట ఏం జరిగిందో ఇక్కడ చెప్పాలి. పాత రేవుని సముద్రం మింగేశాక కొండవాలున కొత్తరేవు కట్టారు. ఆ నగరానికి డాక్టర్ తాటవర్తి విశ్వంభరం అనే శాస్త్రజ్ఞుడు ఒక యంత్రాన్ని తయారుచేసి ఇచ్చాడు. దానికి ఆయన పెట్టిన పేరు సంస్కృతంలో చాలా పొడుగ్గా ఉండేది. జనం దాన్ని జవాబుపెట్టె అన్నారు. ప్రతి ఇంటి గోడకీ, ప్రతి ఆఫీసు బల్లకీ పచ్చడి జాడీ అంత పెట్టె ఒకటి తగిలించారు. మన ఇంట్లో మనం మాట్లాడే తెలుగులోనే దాన్ని ప్రశ్న అడగొచ్చు. అది ఆ ప్రశ్నని కంప్యూటరుకి అర్థమయ్యే క్వెరీగా మార్చుకుని, నగరం దాచుకున్న టేబుళ్ళన్నీ రెప్పపాటులో గాలించి, జవాబు పైకి చదువుతుంది. అంతకుముందు అనలిస్టులు ఆ క్వెరీలు చేత్తో రాసేవారు. పెట్టె వచ్చాక నోటితో అడగడం మొదలెట్టారు. కూర్చున్నచోట పని జరుగుతుంటే లేచి చూసేవాళ్ళెవరు? చేతిలో విద్య మెల్లగా తుప్పు పట్టిపోయింది.

చివరికి నగర మండలివాళ్ళకి ఒక అనుమానం వచ్చింది. అటెండరు అడిగినా, అనలిస్టు అడిగినా పెట్టె ఒకే జవాబు చెబుతున్నప్పుడు ఇంతమంది అనలిస్టులెందుకని. ఉత్తర్వు వచ్చింది. ఇరవయ్యేళ్ళ సర్వీసు దాటినవాళ్ళందరూ డేటాబేసు మూలపాఠాలు మళ్ళీ చదివి పరీక్ష రాయాలి. నలభై మార్కులు వచ్చినవాళ్ళు ఉంటారు, నలభైకి తగ్గినవాళ్ళు ఇంటికి వెళతారు. రెండో పరీక్ష లేదు. ఇవాళ పదకొండు గంటలకి ఆ పరీక్ష. మాస్టారు పొద్దున్నే పెట్టింది ఆఖరి క్లాసు.

హైమావతికి నిజంగానే భయంగా ఉంది. నలభై తొమ్మిదేళ్ళ వయసులో ఆవిడకి ఈ పని తప్ప మరోటి రాదు, ఆ మాటకొస్తే మరోటి ఇష్టమూ లేదు.

కిటికీ అవతల ఆకాశం బూడిదరంగులో ఉంది. సాయంత్రానికి తుపాను తీరం దాటుతుందని రెండు రోజులుగా చెబుతున్నారు. అయినా పరీక్ష వాయిదా వెయ్యలేదు. ఎందుకంటే ఏడు గంటలకి ఊళ్ళో పెట్టెలన్నీ ఒకే గొంతుతో చల్లని కబురు చెప్పాయి. సముద్రం మూడు మీటర్లు లేస్తుందని అంచనా. సముద్రమట్టం నుంచి గడప ఎత్తు మూడు మీటర్లకి తక్కువగా ఉన్న ఇళ్ళు నాలుగు వేల పన్నెండు. ఆ ఇళ్ళవాళ్ళందరినీ కొండమీది శిబిరాలకి చేర్చడమైంది. తరలించవలసినవారు ఇక ఎవరూ లేరు.

ఆ మాట వినగానే ఊరంతా స్థిమితపడింది. హైమావతి కూడా స్థిమితపడింది. ఆ తర్వాత కాసేపటికే ఇంటికి పోలమ్మ వచ్చింది.

పోలమ్మ పందిళ్ళపేట మనిషి. వారానికి రెండుసార్లు నెత్తళ్ళనే చిన్న ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని కొండెక్కి వస్తుంది. మీ పేటవాళ్ళని ఇంకా తీసుకెళ్ళలేదా అని హైమావతి అడిగితే, "మా పేటకెవలూ రానేదమ్మా. మనం మెరకలో ఉన్నాం కావాల, మనకేటి బయం అని మావోళ్ళు అనుకుంతన్నారు" అంది. హైమావతి వెంటనే గోడవైపు తిరిగి, పందిళ్ళపేట ఇళ్ళు తరలించాల్సిన జాబితాలో ఉన్నాయా అని పెట్టెని అడిగింది. లేవు, అంది పెట్టె. అయితే నీకేం భయం లేదు, తలుపులేసుకుని ఇంట్లోనే ఉండమని హైమావతి నోరారా చెప్పి పంపింది. పోలమ్మ నిశ్చింతగా కొండ దిగిపోయింది.

క్లాసులో మాస్టారు ఆఖరి పాఠానికి వచ్చారు. ఇవాళ ఇడ్లీ తిని వచ్చినవాళ్ళని చేతులెత్తమన్నారు. పదిహేడు చేతులు లేచాయి. తిననివాళ్ళని ఎత్తమన్నారు. ఆరు. హాజరుపట్టీలో ఎన్ని పేర్లున్నాయో చూడమన్నారు. ఇరవై నాలుగు.

"ఒకటి తగ్గిందేం?"

చలపతి రాలేదని వెనక నుంచి ఎవరో చెప్పారు.

"చలపతి ఇడ్లీ తిన్నాడా? తెలియదు. తినలేదా? అదీ తెలియదు. ఆ గడి ఖాళీ. దాన్నే నల్ అంటాం. నల్ అంటే సున్నా కాదు, లేదు అనీ కాదు. మనకి తెలియదు, అంతే. తిన్నవాళ్ళెవరని అడిగితే చలపతి రాడు. తిననివాళ్ళెవరన్నా రాడు. ఈ రెండు జాబితాలే లోకమనుకుంటే చలపతి పుట్టనే లేదన్నమాట."

అందరూ నవ్వారు. హైమావతి కూడా నవ్వింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్చుకున్న సంగతి ఇది. అప్పట్లో నిద్రలో లేపి అడిగినా చెప్పేది. పాత స్నేహితురాలు ఎదురుపడినట్టు సంతోషం కూడా కలిగింది. అంతలోనే పోలమ్మ గుర్తొచ్చింది.

పొద్దున తను అడిగింది ఒక్క ప్రశ్నే. పందిళ్ళపేట ఆ జాబితాలో లేదు, నిజమే. మరి రెండోదాంట్లో ఉందా?

బల్లమీది పెట్టెని దగ్గరికి లాక్కుని, గడప ఎత్తు మూడు మీటర్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న ఇళ్ళలో పందిళ్ళపేట ఉందా అని అడిగింది.

"లేదు" అంది పెట్టె, పొద్దుటి గొంతుతోనే.

హైమావతి లెక్క అడిగింది. తక్కువ ఎత్తు ఇళ్ళు నాలుగు వేల పన్నెండు. ఎక్కువ ఎత్తువి యాభై ఏడు వేల నాలుగు వందల అయిదు. ఊళ్ళో మొత్తం ఇళ్ళు అరవై ఒక్క వేల నాలుగు వందల ఎనభై. నోట్సు వెనక అట్టమీద పెన్సిలుతో కూడింది, తీసేసింది. అరవై మూడు ఇళ్ళు ఎందులోనూ లేవు.

పరీక్షకి ఇంకా పావుగంట ఉంది. ఆవిడ లేచి గుమ్మం వైపు నడిచింది. ఇప్పుడు వెళితే మళ్ళీ రాయనివ్వరమ్మా అని మాస్టారు హెచ్చరించారు. తెలుసండీ అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఆగలేదు.

విశ్వంభరం అదే భవనంలో కింది అంతస్తులో ఉన్నాడు. మర్యాదస్థుడు, ఎవరినీ నిలబెట్టి మాట్లాడడు. ఆవిడ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు గానీ నమ్మలేదు.

"హైమావతి గారూ, ఇది పద్దెనిమిదేళ్ళలో ఒక్క అబద్ధం చెప్పలేదండీ."

"ఇవాళా చెప్పలేదు సార్. తక్కువ ఎత్తు ఇళ్ళలో ఎవరూ లేరంది, లేరు. ఎత్తే తెలియని ఇళ్ళ సంగతి మనం అడగలేదు."

ఆయన పెట్టెవైపు తిరిగి, పందిళ్ళపేట ఇళ్ళ గడప ఎత్తు ఎంత అని తనే అడిగాడు. ఆ గడిలో ఏమీ లేదంది యంత్రం. కొలతలు తీసిన డ్రోన్ల చిట్టా తెప్పించి చూశాడు. డ్రోను పైనుంచి గడపమీదికి లేజరు కిరణం వేసి ఎత్తు కొలుస్తుంది. పందిళ్ళపేటలో ప్రతి గుమ్మం ముందూ వెదురు పందిరి ఉంటుంది. దానిమీద చేపలు ఎండబెట్టి, కాకులు వాలకుండా వల కప్పుతారు. కిరణం వలకి తగిలి చెల్లాచెదరైంది. సరైన కొలత దొరక్క డ్రోను ఆ గడి ఖాళీగా వదిలేసి వెళ్ళిపోయింది. మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ పందిళ్ళమీద చేపలున్నాయి.

విశ్వంభరం మొహంలో నెత్తురుచుక్క లేదు. వెంటనే శిబిరాల దగ్గర ఖాళీగా ఉన్న అయిదు బస్సుల్ని పందిళ్ళపేటకి మళ్ళించి, సిబ్బంది ఎవరూ చేతికి అందక తనే చెప్పులేసుకుని ఆవిడతో బయల్దేరాడు.

వాళ్ళు చేరేసరికి పన్నెండైంది. గాలికి పందిళ్ళు కిర్రుకిర్రుమంటున్నాయి. ఆడవాళ్ళు చేపలు బుట్టలకెత్తుతున్నారు. హైమావతిని చూసి పోలమ్మ ఎదురొచ్చింది. పొద్దున తను చెప్పింది తప్పని, అందరూ వెంటనే బస్సెక్కాలని హైమావతి చెప్పి, క్షమించమంది. పోలమ్మ ఆవిడని ఎగాదిగా చూసి, "పొరపాటు సెప్పినోళ్ళు సానామంది ఉన్నారమ్మా. తిరిగొచ్చి సెప్పినోళ్ళని ఇప్పుడే సూత్తన్నాను" అని, పేటలోకి కేకేసింది.

అక్కడో చిక్కు వచ్చింది. ఆ బస్సులకి డ్రైవర్లు లేరు. ఎవరెవరు ఎక్కాలో జాబితా ఇస్తే, అందరూ ఎక్కాకే కదులుతాయి. విశ్వంభరం పలకలాంటి తెర తీసి పేర్లు అడగడం మొదలెట్టాడు. పోలమ్మ. తర్వాత? పోలమ్మ. మూడో ఇంట్లోనూ పోలమ్మే. అమ్మవారి పేరని ఇంటికొకరికి పెట్టుకున్నారు. ఇంటిపేర్లు చూద్దామంటే పేటంతా కలిపి నాలుగే. ఎవరు ఎక్కారో, ఎవరు మిగిలారో తేల్చేదెలాగని ఆయన తల పట్టుకున్నాడు.

"ప్రైమరీ కీ కావాలి" అంది హైమావతి, తనలో తనే అనుకుంటున్నట్టు.

అదేటని పోలమ్మ అడిగింది. ఒక ఇంటికి ఉన్నది ఇంకో ఇంటికి ఉండకూడదు, ఏ ఇంటికీ లేకుండా ఉండకూడదు, అలాంటి గుర్తు అని హైమావతి వివరించింది. పోలమ్మ ఆవిడని చెయ్యి పట్టుకుని పందిరి గుంజ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. వెదురుమీద కత్తితో చెక్కిన మూడు గాట్లున్నాయి. పక్క పందిరికి కొక్కెం. దాని పక్కదానికి పీత. "సేపలు కలిసిపోకండా ఇంటికో గుర్తు. మా ముత్తాతల కాడినుంచీ ఉన్నాయి. ఒకలిది ఇంకోళ్ళు పెట్టుకోరు" అంది.

విశ్వంభరం ఆ గాట్లని వేలితో తడిమి చూశాడు. తను అమెరికా, జర్మనీ తిరిగి నేర్చుకున్న విద్య వెదురు గుంజమీద కనిపించేసరికి ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోలమ్మ గుర్తులు చెబుతూ ఉంటే బుద్ధిగా రాసుకున్నాడు. అరవై మూడు గుర్తులు, ఇంటికెంతమందో పక్కన అంకె.

బస్సుల దగ్గర నిలబడి పోలమ్మ ఒక్కో గుర్తూ పిలిచింది. మూడు గాట్లు, ఉన్నాం. పీత, ఉన్నాం. రెండు చుక్కలు, ఉన్నాం. అలా అరవై ఒక్క గుర్తులు పలికాయి. రెండు పలకలేదు. అప్పటికి వాన మొదలైంది, రోడ్డు అంచుకి నీళ్ళు వస్తున్నాయి.

"పలకలేదంటే ముందే వెళ్ళిపోయి ఉంటారు. ఆ రెండూ కొట్టేసి బయల్దేరదీద్దామండీ" అన్నాడు విశ్వంభరం.

"వెళ్ళిపోయారని మనకి తెలుసా సార్?"

ఆయన తెల్లబోయి చూసి, "తెలియదు" అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి కావచ్చు.

హైమావతీ పోలమ్మా వానలో పరిగెత్తారు. మొదటి ఇంటికి తాళం ఉంది. కోడలి పురిటికని మొన్ననే వెళ్ళారని బస్సులోంచి పొరుగామె కేకేసి చెప్పింది. అది తెలిసినట్టే. రెండోది చివరి పందిరి, నెలవంక గుర్తు. తలుపు ఎంత కొట్టినా పలుకు లేదు. తోసి చూస్తే, వలల కుప్పమీద ఎర్రయ్య అనే ముసలాయన జ్వరంతో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నాడు. చెవులు వినపడవు. ఒళ్ళు కుదిపి లేపితే, పట్టపగలు మనిషిని పడుకోనివ్వరా అని ఇద్దరినీ తిట్టాడు. తిడుతున్న మనిషిని చెరో రెక్కా పట్టుకుని బస్సెక్కించారు. తలుపులు మూసుకున్నాయి. అయిదు బస్సులూ వరసగా కొండెక్కాయి.

ఆ సాయంత్రం వచ్చిన సముద్రం పందిళ్ళపేటలో ఒక్క వెదురు కర్రనీ మిగల్చలేదు. గడపలు నడుం లోతు నీళ్ళలో మునిగాయి. మనుషుల్లో మాత్రం ఒక్కరికి కూడా గీత పడలేదు. మర్నాడు శిబిరంలో, గంజి తాగుతున్న ఎర్రయ్యని దూరం నుంచి చూసి హైమావతి స్తంభం చాటుకి వెళ్ళి కరువుదీరా ఏడ్చింది. బాధతో కాదు, గుండెల మీది బరువు దిగినందుకు. పోలమ్మ ఆవిడ వీపు నిమురుతూ, బుట్టెడు నెత్తళ్ళు పోయాయని తన బాధ తను చెప్పుకుంది.

విశ్వంభరం వారం రోజులు గదిలోంచి బయటికి రాకుండా యంత్రాన్ని సరిదిద్దాడు. ఇప్పుడది ప్రతి ప్రశ్నకీ మూడు జాబితాలిస్తుంది. అవును, కాదు, తెలియదు. వినడానికి చిన్న మార్పే. కానీ కొత్తరేవు జనం ఉలిక్కిపడ్డారు. ఏ కొళాయిలో నీళ్ళు మంచివి అంటే కొన్ని తెలియదు. ఏ వంతెన గట్టిది అంటే రెండు తెలియదు. పద్దెనిమిదేళ్ళుగా అన్నీ తెలుసనుకున్న ఊరికి, తెలియనివి తొమ్మిది వేల పైచిలుకు ఉన్నాయని ఒక్కరోజులో తెలిసింది. మరి వాటిని తెలుసుకోవడమెలా? పెట్టెకి కాళ్ళు లేవు. ఒక మనిషి వెళ్ళి, కళ్ళతో చూసి, ఖాళీ నింపాలి. నగర మండలి కొత్తగా ఖాళీల విభాగం పెట్టి దానికి హైమావతిని పెద్దని చేసింది. నడిచే మనుషులు చాలక, పరీక్షలో తప్పి ఇంటికి వెళ్ళిన ఎనిమిది మంది అనలిస్టుల్నీ బతిమాలి వెనక్కి పిలిచింది. అనలిస్టులు అక్కర్లేదని పెట్టిన పరీక్ష చివరికి అలా ముగిసింది.

ఇంతకీ ఆ పరీక్షలో హైమావతి ప్యాసయిందా, తప్పిందా? నలభై దాటినవాళ్ళ జాబితాలో ఆవిడ పేరు లేదు. తగ్గినవాళ్ళ జాబితాలోనూ లేదు. రాయని పరీక్షకి మార్కుల గడి ఖాళీ కదా. క్లాసుకి రాని చలపతి కూడా పరీక్ష రాయడంతో, మూడో జాబితాలో ఆవిడది ఒక్కటే పేరు. ఉత్తర్వులో మూడో జాబితా గురించి ఒక్క ముక్క లేదు. మార్కులు వేయించేస్తానని విశ్వంభరం అన్నాడు గానీ, తెలియనిదాన్ని తెలిసినట్టు రాయకండి సార్, ఇప్పుడే కదా సరిదిద్దారు అని ఆవిడే వద్దంది.

యంత్రం దాన్ని అంతటితో వదల్లేదు. నగరంలోని ప్రతి ఖాళీనీ ఖాళీల విభాగానికి పంపమన్నది కొత్త నియమం. ఒక ఉదయం హైమావతి బల్లమీదికి ఆ రోజు పనుల పట్టీ వచ్చింది. రెండు వీధిదీపాలు, ఒక బావి, ఒక వంతెన, ఆఖర్న హైమావతి పరీక్ష ఫలితం. స్వయంగా వెళ్ళి కనుక్కుని నింపవలసిన అధికారి, హైమావతి. ఆవిడ పగలబడి నవ్వి, ఆ ఒక్కదాన్నీ రేపటికి నెట్టింది. మర్నాడూ అదే చేసింది. ఇప్పటికీ అదే చేస్తోంది.

కొత్త పందిరి వేసుకున్నాక పోలమ్మ మళ్ళీ నెత్తళ్ళ బుట్టతో గుమ్మంలోకి వచ్చింది. ఆ రోజు వదిలేసి వచ్చిన పరీక్ష ఏమైందమ్మా, ప్యాసయ్యారా అని అడిగింది.

"తెలియదు పోలమ్మా."

"పోయిందా మరి?"

"అదీ తెలియదు."

పోలమ్మ బుట్ట దించి, గుమ్మాన్ని ఒకసారి పైనుంచి కిందికి పరకాయించి చూసింది.

"అయితే మీ గడప కూడా ఎవలూ కొలవనేదన్నమాట" అని, ఆ గడపమీదే చతికిలబడి నెత్తళ్ళు కొలవడం మొదలెట్టింది.